వ్యాకరణబోధనమున నధికారిభేదము

ప్రాచీనపాఠశాలలలో నొక్క గ్రంథమునే యెల్లవిద్యార్థులకును నొక్కతీరునఁ జెప్పుచుండి రనియు, విద్యార్థి శక్తినిబట్టి పాఠమును మార్చు పద్ధతి పాశ్చాత్యవిద్యతో వచ్చిన దనియు నొక యభిప్రాయము విద్యావిషయములు చర్చించువారిలోఁ బ్రబలి యున్నది. దీనికిఁ బ్రతిగా, మన పూర్వు లెఱుఁగని బోధనారహస్యమే లేదని పలుకువారును గలరు. ఈ రెండు మాటలును బరీక్షకు నిలువవు. శాస్త్రములలో మిక్కిలి కఠినమని పేరుగన్న వ్యాకరణమును దీసికొని, రెండువేల సంవత్సరములలో నది యేయే విద్యార్థుల కెట్లెట్లు చెప్పఁబడినదో పరిశీలించినచో, ఆచార్యు లధికారిభేదమును జక్కఁగా గుర్తించి రనియు, దానికొఱకు మూఁడు వేఱువేఱు మార్గములను ద్రొక్కి రనియు, ప్రతిమార్గమునందును నొక లాభమునకు నొక నష్టమును సహించి రనియుఁ దెలియును. ఆ లాభనష్టములను దూఁచి చూచుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఈ చర్చకుఁ దొలియాధారము పతంజలి మహాభాష్యములోని పస్పశాహ్నికము. క్రీ.పూ. రెండవ శతాబ్దికిఁ జెందిన దని పెక్కుమంది యంగీకరించిన యీ గ్రంథమున, శబ్దోపదేశ మెట్లు చేయవలయు నను ప్రశ్న వచ్చినపుడు భాష్యకారుఁ డొక యైతిహ్యమును స్మరించెను. బృహస్పతి యింద్రునకు దివ్యవర్షసహస్రము ప్రతిపదపాఠముగా శబ్దములను జెప్పియు నంతము గానలేదఁట. చెప్పువాఁడు బృహస్పతి, వినువాఁ డింద్రుఁడు, కాలము వేయి దివ్యవర్షములు. అట్లయ్యు ముగియని పని నూఱేండ్లు బ్రదుకు మనుష్యున కెట్లు ముగియును? కావున సామాన్యవిధిని, దాని యపవాదమును జెప్పి, స్వల్పయత్నమున మహాశబ్దరాశిని గ్రహింపఁజేయవలయు నని యాతఁడు నిర్ణయించెను. అనఁగా సూత్రరచనయే విద్యార్థి యాయువును, శక్తిని నెఱిఁగి చేసిన యేర్పాటు.

అదే యాహ్నికమున మఱియొక విశేషము గలదు. పూర్వకాలమున నుపనయనానంతరము బ్రాహ్మణులు ముందుగా వ్యాకరణముఁ జదివి, వర్ణముల స్థానకరణాదులఁ దెలిసికొనిన పిమ్మట వేదశబ్దోపదేశమును బొందుచుండిరఁట. పతంజలినాఁటి కాక్రమము మాఱెను. తొందరగా వేదముఁ జదివి, వైదికశబ్దములు వేదమువలనను లౌకికశబ్దములు లోకమువలనను దెలియుచుండఁగా వ్యాకరణముతోఁ బనిలేదని పలుకు విద్యార్థులు బయలుదేఱిరి. భాష్యకారుఁ డట్టివారిని వెడలఁగొట్టలేదు. ఆచార్యుఁడు వారికి మిత్రుఁడై శాస్త్రప్రయోజనములను బోధించుచున్నాఁ డని చెప్పి, రక్ష, ఊహ, ఆగమము, లాఘవము, అసందేహము అను ప్రయోజనములను, మఱి కొన్నింటిని వివరించెను. వెనుకటి విద్యార్థికిఁ బ్రయోజనము చెప్పవలసిన పని లేకుండెను. క్రొత్తవానికిఁ జెప్పక తీఱదు. విద్యార్థి మాఱినపు డుపోద్ఘాతము మాఱవలయు ననుట కింతకంటెఁ బ్రాచీనమును స్పష్టమును నగు నిదర్శన మరుదు. సూత్రమును బదములుగా విఱుచుటమాత్రము వ్యాఖ్యానము గాదనియు, ఉదాహరణము, ప్రత్యుదాహరణము, వాక్యాధ్యాహారము అను నన్నియుఁ గూడిననే వ్యాఖ్యాన మగు ననియు నచ్చటనే సిద్ధాంతింపఁబడినది. సూత్ర మందఱి కొక్కటియే. వ్యాఖ్యానము వినువానిని బట్టి పెరుగును, తఱుగును.

వయోభేదమునుబట్టి గ్రంథక్రమ ముండెననుటకు ఏడవ శతాబ్దిలో నాలందయందుఁ జదివిన చీనాయాత్రికుఁడు ఇత్సింగు సాక్ష్యమిచ్చుచున్నాఁడు. ఆఱేండ్ల బాలుఁడు వర్ణమాలాపుస్తకమైన సిద్ధమును బ్రారంభించి యాఱుమాసములలో ముగించు ననియు, ఎనిమిదవయేఁట పాణినిసూత్రములు మొదలిడి యెనిమిది మాసములలో వల్లించు ననియు, పదవయేఁట ఖిలములను బ్రారంభించి మూఁడేండ్లు చదువు ననియు, పదునైదేండ్లవాఁడు వృత్తికిఁ దొడఁగి యైదేండ్లలో దానిని గ్రహించు ననియు నాతఁడు వ్రాసెను. భాష్యము ప్రౌఢులకు మాత్రమే, మూఁడేండ్ల చదువు. ధారణశక్తి మిక్కుటముగా నుండు వయస్సున సూత్రపాఠమును, విచారశక్తి పొడసూపిన పిదప వృత్తిని, పరిపక్వబుద్ధికి భాష్యమును నియమించుట యీ క్రమములోని కీలకము. అయితే యీ మెట్లన్నియు నెక్కుటకుఁ బదునైదేండ్లకుఁ బైఁగాఁ బట్టును. అంత తీఱిక లేనివాని గతి యేమి?

ఈ ప్రశ్నకు సమాధానముగాఁ బుట్టినదే కాతంత్రవ్యాకరణము. దాని పుట్టుకనుగూర్చిన కథ పదునొకండవ శతాబ్దిలోఁ గాశ్మీరమున సోమదేవుఁడు రచించిన కథాసరిత్సాగరమునఁ గలదు. గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానమున సాతవాహనరాజు జలక్రీడ సలుపుచుండఁగా, నీళ్లతోఁ గొట్టవల దని రాణి సంస్కృతమునఁ బలికెను. 'మా' యను నిషేధార్థకమును 'ఉదకైః' అను పదమును సంధిచే 'మోదకైః' అని వినఁబడఁగా, రాజు మోదకములు తెప్పించి నగుబాటు పాలయ్యెను. సిగ్గుచే శయ్యపైఁ బడియున్న రాజును గని గుణాఢ్యుఁడు, లోకులు పండ్రెండేండ్లు చదువు వ్యాకరణమును దా నాఱేండ్లలో నేర్పుదు ననెను. శర్వవర్మ యాఱుమాసములు చాలు ననెను. అట్లు జరిగినచో సంస్కృతమును బ్రాకృతమును దేశభాషను విడిచెద నని గుణాఢ్యుఁడు శపథముఁ జేసెను. శర్వవర్మ కుమారస్వామి ననుగ్రహింపఁజేసికొని కాతంత్రమును సాధించెను. గుణాఢ్యుఁడు మాట నిలుపుకొని యడవికేఁగి పైశాచిలో బృహత్కథను రచించెను. ఇది యితిహాసము గాదు, కథయే. ఐనను సాతవాహనులపేరఁ బుట్టిన యీ కథ యొక యథార్థమును దాఁచియుంచినది. రాజు బాలుఁడు గాఁడు, మందబుద్ధియుఁ గాఁడు, రాజ్యభారముచేఁ దీఱికలేని ప్రౌఢుఁడు. వానికి వలసినది సభలో మాటాడుటకును, పలికిన మాట తెలియుటకును జాలినంత వ్యాకరణము.

కాతంత్రము దానిని నిజముగనే యొసఁగెను. పాణిని సుమారు నాలుగువేల సూత్రములు రచింపఁగా, కృత్ప్రకరణముతోఁ గూడఁ గాతంత్రసూత్రములు సుమారు 1,400. స్వరప్రక్రియ, వైదికప్రక్రియ వదలఁబడినవి. పదునాలుగు మాహేశ్వరసూత్రములును, వానివలనఁ గలుగు ప్రత్యాహారములును లేవు; బడిలో నేర్చిన యక్షరక్రమమే యిచ్చటను గ్రమము. సంధి, నామము, ఆఖ్యాతము, కృత్తు అని విషయవిభాగము. పాణిని లిట్, లుట్, లఙ్ అని సంకేతించినవానికి పరోక్షా, శ్వస్తనీ, హ్యస్తనీ అని యర్థము తోఁచు పేళ్లు. రేపటి క్రియకు 'శ్వస్తనీ', నిన్నటి క్రియకు 'హ్యస్తనీ' యనిన యెడల సంజ్ఞ వినుటతోడనే సగ మర్థము తెలియును. ఇట్టి సౌలభ్యముచేతనే కాతంత్రము వంగదేశమునను గాశ్మీరమునను జిరకాలము పాఠ్యమై, భోటభాషలోనికి ననువదింపఁబడి, మధ్యాసియా యిసుకలలో వ్రాతప్రతిఖండములుగా సైతము దొరకినది.

దీని నష్టము వేఱొకచోట నున్నది. కాతంత్రముఁ జదివినవాఁడు భాష్యముఁ జదువఁదలఁచెనేని యాతఁడు మరల మొదటినుండి యారంభింపవలయును. సంజ్ఞలు వేఱు, సూత్రములు వేఱు, అనుబంధములు వేఱు. అతఁ డెక్కిన మెట్లు మఱియొక మేడకుఁ జేరినవి. మార్గము సులభమే; కాని యది పెద్దబాటతోఁ గలియదు. సూత్రమునే మార్చు నీ పద్ధతి మొదటి మార్గము.

సూత్రమును మార్పక, క్రమమును బరిమాణమును మాత్రమే మార్చుట రెండవ మార్గము. దీనికి మేలుబంతి ధర్మకీర్తియను బౌద్ధపండితుని రూపావతారము. పాణినిసూత్రములలోఁ గొన్నింటిని దీసికొని, రూపసిద్ధి కేసూత్ర మెప్పుడు కావలయునో యప్పుడు దానిని జెప్పుటయే యిందలి యుపాయము. ఇది పాఠశాలలలో నెట్లు వినియోగింపఁబడినదో తెలుపు శాసన మొకటి తమిళదేశమున ఎణ్ణాయిరమున, నేఁటి విళుప్పురము జిల్లాలో, లభించినది. రాజేంద్రచోళుని కాలమున, సుమారు 1025 ప్రాంతమున వ్రాయఁబడిన యీ శాసనము 340 మంది విద్యార్థులకు భుక్తి నేర్పఱచినది. వారిలో 270 మంది బ్రహ్మచారులు. 70 మంది పైతరగతి ఛాత్రులు. బ్రహ్మచారులలో 40 మంది రూపావతారముఁ జదువువారు. ఛాత్రులలో 25 మంది వ్యాకరణమును, 35 మంది ప్రాభాకరమును, 10 మంది వేదాంతమును జదువువారు. ఒక్క పాఠశాలలో, ఒక్క శాస్త్రమునందు రెండు తరగతులు. పేళ్లును వేఱు, జీవితమును వేఱు. బ్రహ్మచారికి దినమున కాఱు నాళుల ధాన్యము. ఛాత్రునకుఁ గుఱుణి రెండు నాళులు, అనఁగాఁ బది నాళులు. రాజేంద్రచోళుని యల్లుఁడు రాజరాజనరేంద్రుఁడే. వాని సభలో నన్నయభట్టు శబ్దశాసనుఁడని పేరుగాంచెను. ఆంధ్రభాషకుఁ గావ్యరూప మేర్పడుచుండిన దినములలో దక్షిణాపథమున వ్యాకరణబోధన మెంత వ్యవస్థితముగా నుండెనో యీ లెక్కలు చాటుచున్నవి.

ఈ మార్గమే రామచంద్రుని ప్రక్రియాకౌముదిలోఁ బెరిఁగి, పదునేడవ శతాబ్దిలో భట్టోజిదీక్షితుని సిద్ధాంతకౌముదిలోఁ బూర్ణత నొందెను. దీక్షితుఁడు పాణినిసూత్రముల నొకటియు విడువక ప్రకరణములలోఁ గూర్చెను. ఆయన శిష్యుఁడు వరదరాజు గురుగ్రంథము నెల్లవారును భరింపలేరని యెఱిఁగి, మధ్యసిద్ధాంతకౌముది, లఘుసిద్ధాంతకౌముది, సారసిద్ధాంతకౌముది యని క్రమముగాఁ జిన్నవైన మూఁడు గ్రంథములను రచించెను. లఘుకౌముదిలోని సూత్రములు సుమారు 1,270. సంఖ్యలోఁ గాతంత్రమున కిది యించుమించు సమమే. ఫలమునఁ జాల భేద మున్నది. లఘుకౌముదీవిద్యార్థి నేర్చిన ప్రతిసూత్రమును బాణినిసూత్రమే. అతఁడు మధ్యకౌముదికిఁ బోయినను, సిద్ధాంతకౌముదికిఁ బోయినను, భాష్యమునకుఁ బోయినను నేర్చిన దేదియు మఱవ నక్కఱలేదు. మధ్యలో నిలిచిపోయినను నంతవఱకుఁ జేకూరిన జ్ఞానము వ్యర్థము గాదు. శక్తిహీనునకును శక్తిమంతునకును నొకేదారిలో వేఱువేఱు మజిలీలు చూపినవాఁడు వరదరాజు. 1849లో బాలెంటైను దొర యీ లఘుకౌముదినే యాంగ్లానువాదముతోఁ బ్రకటించుటయుఁ దొలిచదువునకు దాని యర్హతను సూచించుచున్నది.

ఈ మార్గమునకును దనదగు నష్టము గలదు. పాణినీయమునఁ బైసూత్రములలోని పదములు క్రిందిసూత్రములలోనికి దిగివచ్చును. సవర్ణదీర్ఘమును విధించు సూత్రమున 'అచ్చు పరమగునపుడు' అనియు, 'పూర్వపరముల రెంటికి నొక్కటే యాదేశము' అనియుఁ దెలుపు పదములు లేవు. అవి వెనుకటి సూత్రములనుండి యనువర్తించును. సూత్రములను వానివాని స్థానములనుండి పెఱికినపుడు విద్యార్థి వృత్తినిఁగూడఁ గంఠస్థము చేయవలసివచ్చును. మఱియు, 'రాజభిః' అనుచోట నకారము లోపించిన పిదప నకారాంతము కాస్త యకారాంతమై, వృక్షశబ్దమునకు 'వృక్షైః' అయినట్లు 'రాజైః' ఏల కాలే దని విద్యార్థి యడుగును. నలోపసూత్రము త్రిపాదిలోని దగుటచే వెనుకటి విధికిఁ గానరాదని సమాధానము. అష్టాధ్యాయీక్రమమునఁ జదివినవానికి సూత్రస్థానమే యీ సమాధానమును జెప్పును. కౌముదిలోఁ జదివినవానికి గురువు చెప్పవలయును. ఈ కారణముననే పందొమ్మిదవ శతాబ్దిలో మథురయందు విరజానందస్వామి కౌముదిని ద్రోసివైచి, దయానందాది శిష్యుల కష్టాధ్యాయినే పాఠముఁ జెప్పెను. సులభముగాఁ బ్రవేశించినవానికి సమగ్రదృష్టి యాలస్యముగాఁ గలుగు నని యాయన యాక్షేపము. అది నిరాకరింపఁదగినది గాదు.

మూఁడవ మార్గము శాస్త్రమునకుఁ గథావేషము గట్టుట. వలభిలో భట్టి రచించిన రావణవధ మిరువదిరెండు సర్గముల కావ్యము. అందు అధికారకాండమునఁ బాణినిప్రకరణముల ననుసరించి యుదాహరణములు వచ్చును. చివరి తొమ్మిది సర్గములగు తిఙంతకాండమున సర్గమున కొక లకారము చొప్పున నడచును. సూత్రమునందు రుచి లేక, కథయందు రుచి గలవాని కిది తగిన యుపాయము. అయినను భట్టి తనకావ్యము వ్యాకరణనేత్రము గలవారికి దీపమువంటి దనియు, అది లేనివారికి నిష్ప్రయోజన మనియు గ్రంథాంతమునఁ జెప్పుకొనెను. ఉదాహరణము సూత్రమును దృఢపఱచును గాని దానిస్థానమును బొందలేదు. రామకథ తెలిసినవానికిఁ గథ తెలియును. లకారము తెలియవలెనన్న వేఱుగఁ జెప్పవలయును.

ఇట్టి గ్రంథములలోఁ దఱచుగా వినఁబడు 'బాల'శబ్దమును గొంచెము విచారింపవలయును. తెలుఁగుదేశీయుఁడని ప్రసిద్ధుఁడైన అన్నంభట్టు బాలుర సుఖబోధమునకై తర్కసంగ్రహమును రచించి, దానికిఁ దానే దీపిక యను వ్యాఖ్యను గూడ రచించెను. ఇచ్చట బాలుఁ డనఁగా స్తనంధయుఁడు గాఁడనియు, గ్రహణధారణసామర్థ్యము గలవాఁ డనియు వ్యాఖ్యాత లర్థముఁ జెప్పిరి. వేఱు శాస్త్రమున నెంతవాఁడైనను, ఈ శాస్త్రమునఁ గ్రొత్తవాఁడైనచో బాలుఁడే. మూలము మొదటివాని కొఱకు, దీపిక యదే విద్యార్థి తరువాతియేఁటి కొఱకు. ఒక్క గ్రంథకర్తయే రెండవస్థల నుద్దేశించి రెండు రచనలు చేయుట యధికారివివేకమునకుఁ జక్కని తార్కాణము.

ఈ యర్థము మనసున నుంచుకొని తెలుఁగువ్యాకరణమును జూడవలయును. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ బది పరిచ్ఛేదములు గలవు: సంజ్ఞ, సంధి, తత్సమము, ఆచ్ఛికము, కారకము, సమాసము, తద్ధితము, క్రియ, కృదంతము, ప్రకీర్ణకము. క్రమము కౌముదీకాతంత్రముల వలె విషయానుసారి. సూత్రలాఘవము పాణినివలె నత్యంతసంక్షిప్తము. తెలుఁగుననే సూత్రము రచించుట బాలోపకారమే. కాని సంధిపరిచ్ఛేదమున ద్రుతప్రకృతికముల మీఁది పరుషములకు సరళము లగు నని చదివిన పిల్లవానికి, ఏవి ద్రుతప్రకృతికములో తెలియుటకు విభక్తిరూపములును గ్రియారూపములును ముందే తెలిసి యుండవలయును. అవి తరువాతి పరిచ్ఛేదములలో వచ్చును. త్రిపాదిచిక్కే మఱియొక వేషమున నిచ్చటఁ గనఁబడుచున్నది. బాలవ్యాకరణమునకుఁ గల్లూరి వేంకటరామశాస్త్రి గుప్తార్థప్రకాశికయు, దువ్వూరి వేంకటరమణశాస్త్రి రమణీయమును వెలసిన వనఁగా, ఆ బాలుఁ డన్నంభట్టు చెప్పిన బాలుఁడే యని స్పష్టము. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో దానికి శేషపూరణముగాఁ బ్రౌఢవ్యాకరణమును రచించెను. సూరిసూత్రములను ద్రోసివేయక వానిపైనే కట్టుటచే నీ రెండు గ్రంథములును వరదరాజు త్రోవలోఁ జేరినవి. దోషము గ్రంథమునం దుండలేదు. పేరునఁ గల బాలశబ్దమును జూచి పదేండ్ల పిల్లలకు వ్యాఖ్యానము లేక దానిని వల్లెవేయించుటలో నుండెను.

ఇఁక గ్రంథమును విడిచి బడిని జూడవలయును. 1823లో బళ్లారిమండలపు కలెక్టరు కాంబెలు దొర మదరాసు ప్రభుత్వమునకుఁ బంపిన నివేదికలోఁ దన మండలమున 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును గల రని తెలిపెను. బడులలోఁ గన్నడపువి 235, తెలుఁగువి 226. ఈతఁడు 1816లోనే తెలుఁగువ్యాకరణ మొకటి యాంగ్లమునఁ బ్రకటించినవాఁ డగుటచేఁ దెలుఁగుబడినిగూర్చిన యాతనిమాట విలువగలది. బడిపిల్లలు సాధారణముగా నాలుగు తరగతులుగా నుందు రనియు, క్రిందితరగతులకుఁ బెద్దపిల్లలు చెప్పుచుండఁగా గురువు పైవారికిఁ జెప్పుచు నందఱిమీఁదను గన్ను వేసియుండు ననియు, పిల్లవాఁడు తన శక్తిని, ప్రగతిని బట్టి యొక తరగతినుండి వేఱొక తరగతి కెక్కు ననియు నాతఁడు వర్ణించెను. చెప్పువాని చదువును దృఢపఱచు నీ పద్ధతిని మెచ్చి, ఇంగ్లండువా రనుకరించుట తగియే యున్న దనెను. మదరాసు ఎగ్మూరులోని యనాథబాలుర శాలలో ఆండ్రూబెల్లు దొర పెద్దపిల్లలచేఁ జిన్నపిల్లలకుఁ జెప్పించి, 1797లో నాప్రయోగమును లండనునఁ బ్రకటించినది ప్రసిద్ధమే. ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దించుట నాతఁడు మన వీథిబడిలోఁ జూచినదే.

కాంబెలు దొర మెప్పుతో నాఁపలేదు. పిల్లలు వల్లించు పద్యములు వ్యవహారభాషకు దూరమైన భాషలోని వగుటచే, చెప్పువారికిని జదువువారికిని నర్థము తెలియకయే పాఠములు నడచుచున్న వని యాక్షేపించెను. ఈ యాక్షేపణ మొక పరాయి యధికారి మాట యని త్రోసివేయరానిది. పస్పశాహ్నికమే దానిని సమర్థించుచున్నది. వ్యాఖ్యానము లేనిచో సూత్రమైనను బద్యమైనను ధ్వనిమాత్రమే. తరగతు లుండెను, తరగతికిఁ దగిన యర్థబోధ మాత్రము లోపించెను. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది యే యగుట యింకొక లోపము. అధికారిభేదము నంత సూక్ష్మముగా విచారించిన సంప్రదాయము అధికారుల పరిధిని మాత్రము మిక్కిలి సంకుచితముగా గీచికొనెను. ఎణ్ణాయిరము శాసనములోని 340 మందికి నన్నము పెట్టిన ధాన్యము పండించిన కర్షకుల బిడ్డల కాలెక్కలలోఁ జోటులేదు. మందునకు లఘుకౌముదిని గల్పించిన దయ, గడప యవతల నున్నవానివఱకుఁ బోలేదు.

పై విషయములనుబట్టి తేలు సారాంశ మిది. విద్యార్థినిబట్టి పాఠము మార్చుట శాస్త్రద్రోహ మను భయము సంప్రదాయవిరుద్ధము. భాష్యకారుఁడు మొదలు చిన్నయసూరి వఱకు నందఱు నట్లు మార్చినవారే. కాని మార్పు లన్నియు సమానములు గావు. చిన్నగ్రంథము పెద్దగ్రంథమునకు ద్వార మగుచున్నదా, లేక దానికి బదులై నిలిచి ద్వారమును మూయుచున్నదా యని ప్రశ్నించుటయే పరీక్ష. తీఱికలేని సాతవాహనునకుఁ గాతంత్రము చాలును. వాని కంతకుమించి యక్కఱలేదు. రేపు భాష్యముఁ జదువఁగల పిల్లవానికిఁ గాతంత్రమే చాలు ననుట వానికిఁ జేసిన యపకారము. వానికి లఘుకౌముది కావలయును. అందఱికి నష్టాధ్యాయియే యనుట పలువురను వాకిటనే నిలుపుట. ఎవనికిఁ ద్వారము, ఎవనికిఁ జాలినంత యని నిర్ణయించు శక్తి యే పుస్తకమునకును లేదు. తన యెదుటఁ గూర్చున్నవాఁ డెవ్వఁడో, ఎంతకాల ముండఁగలఁడో, ఎంత భరింపఁగలఁడో చూడఁగల గురువునకే యది గలదు. పతంజలి యాచార్యుని సుహృత్తుగా భావించుటకు హేతు విదియే. మిత్రున కొక్కనికే తన మిత్రుని బలమును బలహీనతయు రెండును దెలియును.